సుద్దముక్కల డబ్బా

స్ప్రింగుల మేస్త్రిది ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకటే దుకాణం, ఒకటే బల్ల, ఒకటే కుర్చీ. ఇన్నేళ్ళలో వచ్చినవాళ్ళని పేరేమిటని అడిగిన పాపాన పోలేదాయన. "పేరుతో నాకేం పని? పేరుకి స్ప్రింగు వేస్తామా?" అంటాడు. మరి ఎవరి వస్తువు ఎవరిదో ఎలా తెలుస్తుందీ అంటే, దానికీ ఆయన దగ్గర ఓ పద్ధతుంది. పని ఒప్పుకోగానే అరచేతిలో సగం ఉండే అట్టముక్క తీసి నాలుగు మాటలు రాస్తాడు. వస్తువేమిటి, తెచ్చింది ఎవరు, లోపం ఏమిటి, తాను చేసింది ఏమిటి. కింద తేదీ. ఆ అట్టముక్కకి చిల్లు పొడిచి సన్నతీగతో వస్తువుకి కట్టేస్తాడు. 'తెచ్చింది' అన్నచోట పేరుండదు, ఆనవాలు ఉంటుంది. 'గొంతు పోయిన పంతులమ్మ', 'అడగకుండానే నవ్వేవాడు', 'కుడికాలు ఈడ్చే తాపీ మేస్త్రి', ఇలాగన్నమాట. తమ గురించి ఏం రాశాడో వాళ్ళు చదవకపోవడం ఆయన అదృష్టం.

ఒక్కసారి మాత్రం ఒకావిడ చదివేసింది. 'సోఫా, తెచ్చింది: బరువైన ఆవిడ, లోపం: ఆవిడే' అని ఉంది. ఆ సోఫా మళ్ళీ ఆ దుకాణానికి రాలేదు, ఆవిడా రాలేదు.

తలుపు స్ప్రింగు దగ్గర్నుంచి తూనికయంత్రం స్ప్రింగు దాకా ఆయన చేతికి లొంగనిది లేదు. ఉక్కుతీగని లేత్ మీద చుట్టి, పొయ్యిలో కాల్చి, రంగు చూసి నూనెలో ముంచుతాడు. రంగు చూడడంలో మాత్రం కూతురే నయమని ఆయనే ఒప్పుకుంటాడు. ఆయన కళ్ళకి పొర పట్టింది, ఎడమ మోకాలు మాట వినడం మానేసింది. అందుకే రెండు నెలల కిందట దుకాణం లైసెన్సు, అద్దె కాగితం, కరెంటు మీటరు అన్నీ కూతురి పేర మార్పించేశాడు. ముప్పై రెండేళ్ళ పిల్ల. వీధిలో అందరూ చిన్నమేస్త్రి అంటారు. పదహారో ఏట నుంచీ ఆ బల్ల దగ్గరే పెరిగింది. లారీల కింద వేసే బండ స్ప్రింగులు కూడా చేస్తుంది. కాగితాలు చేతికొచ్చిన రోజున దుకాణం బోర్డుకి తనే రంగు వేసుకుంది. తండ్రి కుర్చీని ఓ మూలకి జరిపి, "నువ్వు కూర్చుని నోటితో చెయ్యి నాన్నా, చేత్తో నేను చేస్తా" అంది. ఆయనకి అంతకన్నా ఏం కావాలి? కడుపు నిండిపోయింది.

తండ్రీకూతుళ్ళకి పడనిది ఒక్క అట్టముక్కల దగ్గరే. "ఫోన్లో ఒక ఫొటో తీస్తే చాలదా నాన్నా? ఈ చింపిరి అట్టలేమిటి?" అనేది కూతురు. "నీ ఫోను నీళ్ళలో పడితే?" అనేవాడు తండ్రి. "నీ అట్ట నీళ్ళలో పడితే?" అనేది కూతురు. దీనికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు, అందుకని ఆ గొడవ రోజూ జరిగేది.

ఇక అసలు సంగతి. ఆ బల్ల మీద ఓ నల్లటి ఇనపడబ్బా ఉంది. జానెడు పొడుగు, కొంచెం వంకర. లోపల స్ప్రింగు, దాని మీద చిన్న పలక. అందులో మేస్త్రి సుద్దముక్కలు నిలవేసేవాడు. పైదాన్ని లాగితే కిందిది టక్కున పైకొస్తుంది. తీగ మీద కొలత గుర్తు పెట్టడానికి రోజుకి వందసార్లు సుద్ద కావాలి కదా, మహా సుఖంగా ఉండేది. తన తెలివికి తనే మురిసిపోయి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

ఆ రోజు పొద్దున్న బ్యాంకు గార్డు వచ్చాడు. పూర్వం సైన్యంలో చేసినవాడు. బ్యాంకు తలుపు స్ప్రింగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిన్నమేస్త్రి కొలత తీసుకుని, డబ్బాలోంచి సుద్ద లాగింది. టక్కున ఇంకోటి పైకొచ్చింది. గార్డు ఒకడుగు వెనక్కి వేశాడు.

"చిన్నమేస్త్రీ, అదెక్కడిది?"

"సుద్దల డబ్బానా? నాన్న చేశాడు. బాగుంది కదూ?"

"అది సుద్దల డబ్బా కాదమ్మా. రైఫిల్ మ్యాగజైను. తూటాలు పెట్టే డబ్బా. ముప్పై పడతాయి. పదికి మించి పట్టేవి ఎవరి దగ్గరా ఉండకూడదని చట్టం వచ్చి ఏడేళ్ళయింది. తుపాకి లేకపోయినా సరే, ఖాళీ డబ్బా ఉన్నా సరే, నేరమే."

మూల కుర్చీలో మేస్త్రి నవ్వాడు. "ఊరుకోవయ్యా. అది మేకులు కొట్టే మిషన్ది. మేకులు ఇలాగే వరసగా పైకొస్తాయి. ఎన్ని బాగుచెయ్యలేదు నేను!"

"బాబాయ్, నేను పద్దెనిమిదేళ్ళు అన్నం తిన్నది దీనితోనే. నాకు చెబుతావా?"

మేస్త్రి నవ్వు అక్కడే ఆగిపోయింది. గార్డు మంచివాడు. "నేను చూశాను కాబట్టి చెబుతున్నా. మీరు ఏదో ఒకటి చెయ్యండి, కానీ ఇవాళే చెయ్యండి. రేపు నన్నెవరైనా అడిగితే అబద్ధమాడలేను" అని తలుపు స్ప్రింగు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ స్ప్రింగుకి కూడా మేస్త్రి అట్టముక్క రాసి కట్టాడు. అలవాటు మరి.

మధ్యాహ్నం కారియరు పట్టుకుని మేస్త్రి భార్య వచ్చింది. విషయం విని కారియరు కింద పెట్టకుండానే తీర్పు చెప్పేసింది. "దానికింత ఆలోచనేమిటండీ? సంచిలో వేసి ఇలా ఇవ్వండి. వంతెన మీదనుంచి విసిరేసి వస్తా. పీడా పోతుంది."

"అమ్మా, ముందు ప్లీడరమ్మని అడుగుదాం" అంది కూతురు.

ప్లీడరమ్మ ఆఫీసు దుకాణం మీది అంతస్తులోనే. ఆవిడ తిరుగుడు కుర్చీకి రెండుసార్లు స్ప్రింగు వేసింది వీళ్ళే. పిలవగానే ఆవిడ చెప్పుల చప్పుడు చేసుకుంటూ కిందికి దిగి, విషయమంతా విని, చేతులు వెనక్కి కట్టుకుని డబ్బాని వంగి చూసింది.

"ఎవరూ ముట్టుకోకండి. ఖాళీ చెయ్యకండి, తుడవకండి. అమ్మా, వంతెన మాట మరిచిపోండి, సాక్ష్యం మాయం చేశారని రెండో కేసు పెడతారు. పోలీస్ స్టేషనుకి పట్టుకెళతామంటారేమో, అదీ వద్దు. దారిలో మీ సంచిలో దొరికితే నిషేధించిన సరుకు మోసుకెళుతున్నట్టే. ఉన్నచోటే ఉంచి ఫోన్ చెయ్యాలి. వాళ్ళే వస్తారు."

"మాకు అదేమిటో తెలియదు కదమ్మా?" అన్నాడు మేస్త్రి.

"తెలియదన్న మాట వాళ్ళు వింటారు మేస్త్రిగారూ, కానీ అదొక్కటే సరిపోదు. తెలియదని నమ్మించాల్సింది మీరు. చట్టం వచ్చినప్పుడు తొంభై రోజులు గడువిచ్చారు, అప్పగిస్తే ఏమీ అనరు అని. అన్ని వర్క్‌షాపులకీ నోటీసుల కట్టలు పంచారు, గోడలకి అంటించమని. మీకు రాలేదా?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. కూతురు లేచి వెళ్ళి తీగచుట్టలు పెట్టే సొరుగు లాగింది. సొరుగు అడుగున పరిచిన కాగితం బయటికి తీసింది. 'తొంభై రోజుల్లోగా స్వచ్ఛందంగా అప్పగించినవారిపై ఎటువంటి' దాకా ఉంది. ఆ తర్వాత కత్తెర పడింది.

"మంచి మందపు కాగితమమ్మా," అన్నాడు మేస్త్రి, తల వంచుకుని. "స్ప్రింగులు చుట్టి ఇవ్వడానికి బాగా పనికొచ్చింది."

అంత కంగారులోనూ ప్లీడరమ్మకి నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, మళ్ళీ మొహం సర్దుకుంది. "సరే. ఇంకొక్క మాట. దుకాణం ఎవరి పేర ఉంది?"

మేస్త్రి కూతురి వంక చూశాడు. కూతురే అంది. "నా పేరే అండీ. రెండు నెలలయింది."

"అయితే ముందు అడిగేది నిన్నేనమ్మా. జేబులో ఉండక్కర్లేదు, ఒకరి అదుపులో ఉన్న చోట ఉంటే చాలు, వాళ్ళ దగ్గర ఉన్నట్టే. దుకాణం నీది, బల్ల నీది, సుద్ద లాగింది నువ్వు. నేరం రుజువైతే ఐదేళ్ళ వరకూ వెయ్యొచ్చు. వెయ్యరనుకో. కానీ కేసు ఉన్నా చాలు, లైసెన్సు పోతుంది."

ఇన్నాళ్ళూ మేస్త్రి బిడ్డకి దుకాణమిచ్చానని మురిసిపోతున్నాడు. చూస్తే తన బుద్ధితక్కువతనం మూటగట్టి, దానికి బిడ్డ పేరు రాసిచ్చాడు. ఎంత పని చేశాను, ఎంత పని చేశాను అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. ప్లీడరమ్మ ఫోన్ చేసింది. ఆయుధాల విభాగం అధికారి మూడు గంటలకి వస్తానన్నాడట.

అప్పటికి పన్నెండున్నర. కారియరు విప్పారు గానీ ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పుడు మేస్త్రి కళ్ళెత్తి ఎదురుగోడ వంక చూశాడు.

ఆ గోడకి పెద్ద చెక్కపలక ఉంది. దాని నిండా మేకులు. మామూలుగా దొరకని కొలతల స్ప్రింగు ఏది మిగిలినా అక్కడ తగిలిస్తాడు, మళ్ళీ అలాంటిది వస్తే నమూనాకి. రెండువందల పైచిలుకు ఉంటాయి. మూడో వరుసలో కుడిచివర ఓ పొడుగాటి గట్టి స్ప్రింగు ఉంది, దానికో పసుపెక్కిన అట్టముక్క. ఆ డబ్బా స్ప్రింగు అదే. పదకొండేళ్ళ కిందట ఒకడు డబ్బా తెచ్చి ఇచ్చాడు, మేస్త్రి కొత్త స్ప్రింగు చేసిపెట్టాడు, వాడు మళ్ళీ రాలేదు. ఏడాది చూసి, గట్టి స్ప్రింగు తీసి మేకుకి తగిలించి, సుద్ద విరిగిపోకుండా సన్నతీగతో మెత్తటి స్ప్రింగు వేసుకున్నాడు.

సంగతి చెప్పాడు. ప్లీడరమ్మ ఏదో అనబోయి ఆగింది. భార్య ఆగలేదు.

"అయ్యో దేవుడా! బాగుచేశారా దాన్ని? ఏవండీ, ఇప్పుడు డబ్బాలో ఉన్నది మెత్తటి స్ప్రింగు. చూస్తే పిల్లల ఆటవస్తువులా ఉంది. సుద్దలకి వాడుకుంటున్నాం బాబూ అంటే ఎవరైనా నమ్ముతారు. ఆ గట్టిది కూడా చూపిస్తే, తూటాలు పెట్టుకోవడానికి మీరే తయారుచేసిపెట్టారని రాసుకుంటారు. కొరివితో తల గోక్కోవడం కాదూ? అన్ని స్ప్రింగుల్లో అదెవడికి తెలుస్తుంది? ఆ అట్టముక్క చింపి పొయ్యిలో పారెయ్యండి."

"అమ్మ చెప్పిందే నిజం నాన్నా," అంది కూతురు. "డబ్బా నాది, సుద్దలు నావి అంటాను. లైసెన్సు పోతే పోతుంది. ఈ వయసులో నిన్ను బోనెక్కించనా?"

మేస్త్రి ప్లీడరమ్మ వైపు చూశాడు. "దాచమని నేను చెప్పకూడదు, చెప్పను," అందావిడ. "చూపిస్తే మీకు మంచిదని కూడా చెప్పలేను. అనుమతి లేకుండా బాగుచెయ్యడం మీ మీద ఇంకో తప్పు అవుతుంది. కానీ ఆ అట్ట మీద తేదీ ఉందా?"

"తేదీ లేకుండా నేను రాస్తానా అమ్మా!" అన్నాడు మేస్త్రి, అంత కష్టంలోనూ రోషంగా.

మూడు గంటలకి అధికారి వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి, వెంట ఒక కానిస్టేబులు. చేతులకి తొడుగులు వేసుకుని డబ్బా తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. సుద్దముక్క పైకి రాగానే కనుబొమలు ఎగరేశాడు గానీ నవ్వలేదు.

"ఎవరిది ఇది?"

"నాదే సార్," అంది చిన్నమేస్త్రి, అడుగు ముందుకేసి. "దుకాణం నా పేరనే ఉంది. నేనే వాడుతున్నాను."

అధికారి కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. పెన్ను కదలడం చూడగానే మేస్త్రికి కూర్చోబుద్ధి కాలేదు. ఎడమ మోకాలు పట్టుకుని లేచి, గోడ దాకా నడిచి, మూడో వరుసలో కుడిచివరి స్ప్రింగు మేకు మీదనుంచి తీసి, అట్టముక్కతో సహా తెచ్చి అధికారి ముందు పెట్టాడు. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రాయకండి సార్. అబద్ధం చెబుతోంది. చిన్నప్పటినుంచీ అంతే, నన్ను లేవనివ్వదు, అన్నీ తనే మోస్తానంటుంది. దుకాణం దీని పేరన కాకముందునుంచీ, పదేళ్ళుగా ఆ డబ్బా అక్కడే ఉంది. దాని అసలు స్ప్రింగు ఇది. చేసింది నేను."

అధికారి అట్టముక్క వెలుతురుకి ఎత్తి పైకే చదివాడు. "వస్తువు: మేకుల మిషను డబ్బా. తెచ్చింది: ఎడమచేతివాటం పొడుగాయన, తల ఎత్తడు. లోపం: స్ప్రింగు మెత్తబడింది. చేసింది: కొత్త స్ప్రింగు. తేదీ..." ఆగాడు. "పదకొండేళ్ళు. చట్టం రాకముందు."

"నాన్నా!" అంది కూతురు. ఏడ్చేసింది.

అధికారి గట్టి స్ప్రింగుని వేళ్ళ మధ్య నొక్కి వదిలాడు. "ఈ స్ప్రింగు చూపించకపోతే నాకు తెలిసేది కాదు. తెలుసా మీకు?"

"తెలుసు సార్."

"మరి ఎందుకు చూపించారు?"

"అట్ట దీనికుంది కాబట్టి. ఇది లేకపోతే ఆ డబ్బా నా కూతురిదవుతుంది. ఇదుంటే నాది."

అధికారి గోడ దగ్గరికి నడిచాడు. అక్కడి మిగతా అట్టలు నాలుగైదు తిప్పి చూశాడు. 'తెచ్చింది: అప్పు అడిగే మొహం', 'తెచ్చింది: మాట వినని మగాడు, పక్కన భార్య'. ఈసారి నవ్వాడు. వెంటనే దగ్గి కప్పిపుచ్చుకున్నాడు. మొత్తం మూటకట్టి, రసీదు రాసి మేస్త్రి చేత సంతకం పెట్టించాడు. 'మ్యాగజైను ఒకటి, స్ప్రింగులు రెండు, అట్టముక్క ఒకటి, సుద్దముక్కలు నాలుగు' అని ఉంది అందులో. సుద్దలు కూడా ఎందుకు సార్ అని అడగబోతే ప్లీడరమ్మ కళ్ళతోనే నోరు మూయించింది.

తర్వాత ఐదు వారాలు ఎదురుచూపులే. ఆ ఐదు వారాలూ మేస్త్రి ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగ్గా లేదు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే దుకాణానికి వచ్చేవాడు. జైలుకెళితే మళ్ళీ ఎప్పుడు చూస్తానో అని, కూతురు తీగ కాలుస్తుంటే దగ్గరగా కుర్చీ వేయించుకుని చూసేవాడు. ఉక్కు గడ్డిరంగుకి తిరిగి, ఊదారంగు దాటి, నీలం వచ్చిన క్షణంలో కూతురు నూనెలో ముంచేది. ఒక్కసారి కూడా తప్పలేదు. భయం భయమే గానీ, ఆ నీలం చూస్తుంటే ఆయనకి కడుపులో చల్లగా ఉండేది. నేను లేకపోయినా ఈ బల్ల ఆగదు అనుకునేవాడు.

ఆరో వారం ప్లీడరమ్మ మెట్లు రెండేసి దిగుతూ వచ్చింది. అట్టముక్క మీద సిరా పాతదేనని, తీగ తుప్పు మరక అట్టలోకి ఇంకి ఉందని, నిన్నా మొన్నా రాసింది కాదని పరీక్షలో తేలిందట. డబ్బాలో ఉన్న మెత్తటి స్ప్రింగు సుద్దని తప్ప తూటాని ఎత్తలేదట. తెలియక చేశాడు, తెలియగానే తనంతట తానే పిలిచి చెప్పాడు, దాచగలిగిందీ దాచలేదు, కాబట్టి కేసు అక్కర్లేదని ప్రభుత్వ వకీలు రాశాడట. చిన్నమేస్త్రి పేరు కాగితాల్లోనే లేదు. మేస్త్రికి మాత్రం ఒక హెచ్చరిక. ఇకపై ఏమిటో తెలియని వస్తువు బాగుచెయ్యడానికి తీసుకోరాదు, తెచ్చినవారి పేరు, చిరునామా రాసుకోవలెను.

"పేరా!" అన్నాడు మేస్త్రి, ఐదేళ్ళు శిక్ష పడినట్టు.

"పేరే," అంది భార్య. "అట్ట చింపమన్నాను చూడండి, నా నోరు పడిపోను. ఇకనుంచి మీ పిచ్చి అట్టల్ని నేనే తుడిచి పెడతా." అని కళ్ళు తుడుచుకుంటూ కారియరు విప్పింది. ఐదు వారాల్లో మొదటిసారి ముగ్గురూ గిన్నెలు ఖాళీ చేశారు.

ఆ తర్వాత ఆ దుకాణంలో పని మారిపోయింది. ఎవరేం తెచ్చినా చిన్నమేస్త్రి ముందు ఇదేమిటి, దేనిలోది అని అడుగుతుంది. సరిగ్గా చెప్పకపోతే ముట్టుకోదు. ఫోన్లో ఫొటో తీస్తుంది, అయినా అట్టముక్క కూడా కడుతుంది. పేరు, చిరునామా కింద మరో గీత గీసి ఆనవాలు రాయడం మాత్రం తండ్రి దగ్గరే నేర్చుకుంది. తలుపు స్ప్రింగు తీసుకోవడానికి వచ్చిన బ్యాంకు గార్డు తన అట్ట చదువుకున్నాడు. 'తెచ్చింది: అబద్ధమాడలేనివాడు' అని ఉంది. దాన్ని విప్పి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. సుద్దముక్కలు ఇప్పుడు మామూలు రేకుడబ్బాలో ఉంటాయి, చెయ్యి పెట్టి వెతుక్కోవాలి.

ఓ మధ్యాహ్నం మేస్త్రి మూలకుర్చీలో కునుకు తీసి లేచాడు. లేవబోతే చొక్కా గుండీకి ఏదో తగులుకుని లాగింది. చూస్తే కొత్త అట్టముక్క, సన్నతీగతో కట్టి ఉంది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

'వస్తువు: నాన్న. తెచ్చింది: అమ్మ. లోపం: ఎడమ మోకాలు, పేర్లు అడగడు. చేసింది: ఏమీ లేదు, ఇలాగే బాగుంది. ఎవరొచ్చి అడిగినా ఇవ్వబడదు.'

కింద తేదీ ఉంది. మేస్త్రి బల్ల వైపు చూశాడు. కూతురు వీపు తిప్పుకుని లేత్ మీద తీగ చుడుతోంది, ఏమీ ఎరగనట్టు. ఆయన అట్ట విప్పలేదు. గుండీకి అలాగే ఉంచుకుని, సాయంత్రం ఇంటిదాకా నడిచి వెళ్ళాడు.